గర్భిణి మీద చెయ్యి పడితే: ఆసుపత్రిలో ఏం జరగాలి, మన సంఘాలు ఏం చేయాలి

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

పొదుపు, అప్పుల వసూలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇంతకుముందే చదివి వినిపించారు. మేము మాట్లాడబోయేదానికి ఆ లెక్కల పుస్తకంలో కాలమ్ లేదు. కడుపుతో ఉన్న ఆడపిల్లని ఇంట్లో కొడితే, తను నెలనెలా పరీక్షకి పోయే ఆసుపత్రిలో ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుందా, తెలిస్తే వాళ్లు ఏం చేయాలి, మనం ఏం చేయాలి అన్నదే మా విషయం. ఈ సంవత్సరం మా కమిటీ దగ్గరికి వచ్చిన కుటుంబ తగాదాల్లో గర్భిణులవి కూడా ఉన్నాయి. వాళ్ల పేర్లు, ఊర్లు చెప్పం. ఎవరై ఉంటారా అని పక్కవాళ్లని అడగొద్దని ముందే మనవి చేస్తున్నాం.

కడుపుతో ఉన్నదాన్ని ఎవరు కొడతారమ్మా అంటారు కొందరు. నిజమే, వేవిళ్లప్పుడు నోటికి ఏది సయిస్తే అది వండి పెట్టాలని చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. ఏడో నెలలో శ్రీమంతం చేసి చేతినిండా గాజులు తొడుగుతాం. ఆ గాజులు తొడిగేటప్పుడు రవిక చెయ్యి పైకి జరిగి, కమిలిన మచ్చలు కనపడితే చూసీ చూడనట్టు ఊరుకున్న పేరంటాళ్లు కూడా ప్రతి ఊళ్లో ఉన్నారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ప్రభుత్వం చేయిస్తుంది. 2019-21లో చేసిన ఐదో సర్వే ప్రకారం, దేశంలో పెళ్లైన 18 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మంది భర్త చేతిలో హింస అనుభవించినవాళ్లే. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది. గర్భంతో ఉన్నప్పుడు కొట్టారని చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. మూడే కదా అనిపిస్తుంది. ఇంటికి వచ్చిన ఒక తెలియని మనిషికి నోరు తెరిచి చెప్పినవాళ్లు ఆ ముగ్గురు. పైగా అది చెయ్యి చేసుకున్న లెక్క మాత్రమే. తిండి పెట్టకపోవడం, పుట్టింటికి ఫోను చేయనివ్వకపోవడం, నిండు నెలల్లో కూడా నీళ్ల బిందెలు మోయించడం, వద్దంటున్నా బలవంతంగా మీదకి రావడం అందులోకి రావు. ఇంకో లెక్క కూడా అదే సర్వేలో ఉంది. ఏదో ఒక కారణానికి భర్త భార్యని కొట్టడం సబబే అన్న ఆడవాళ్లు మన రాష్ట్రంలో నూటికి 84 మంది దాకా ఉన్నారు. అన్నది మగవాళ్లు కాదు, ఆడవాళ్లు. హింస పడినవాళ్లలో ఎవరి సాయమైనా కోరినవాళ్లు దేశంలో నూటికి 14 మందే. ఎందుకు కోరలేదో పై లెక్క చూస్తే తెలిసిపోతుంది.

గర్భం వచ్చాక గొడవలు ఎందుకు పెరుగుతాయో మా దగ్గరికి వచ్చినవాళ్ల మాటల్లోనే చెప్తాం. కూలికి పోలేదు కాబట్టి డబ్బులు ఆగిపోతాయి. స్కానింగుకి, మందులకి, ఆటోకి కొత్త ఖర్చు వస్తుంది. మొదటిది ఆడపిల్ల అయి ఉంటే రెండోసారి నెల తప్పిన రోజు నుంచే ఇంట్లో మొహాలు మారిపోతాయి. ఇక దగ్గరికి రానివ్వడం లేదని కొట్టడం, ఈ కడుపు ఎవరిదని అడిగి కొట్టడం. ఈ చివరి రెండూ మా ముందు చెప్పడానికి కూడా వాళ్లకి రెండు మూడు రోజులు పట్టింది. అన్నిటికీ తాగుడే కారణమని ఒక్క మాటలో తేల్చేస్తుంటాం మనం. అసలు మందు ముట్టనివాడు కొట్టిన సంగతి కూడా మా దగ్గరికి వచ్చింది. అయినా తాగినవాడు దారిలో ఎస్సై గారు కనపడితే పక్కకి తప్పుకుని పోతాడు కదా. ఎవర్ని కొట్టొచ్చో, ఎవర్ని కొట్టకూడదో ఆ మత్తులో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి. ఇది శ్రద్ధగా వినండి, ముఖ్యంగా పెద్దవాళ్లు. కడుపు మీద తన్ను పడినా, తోస్తే బోర్లా పడినా మాయ గర్భసంచి గోడ నుంచి విడిపోవచ్చు. అలా విడిపోతే బిడ్డకి రక్తం అందదు. తల్లికి లోపల రక్తం పోతుంది. ఒక్కోసారి బయటికి చుక్క రక్తం కూడా కనపడదు, అంతా లోపలే నిలిచిపోతుంది. అందుకని "రక్తం పోవట్లేదుగా, పడుకుంటే తగ్గిపోతుంది" అనడానికి లేదు. కడుపు రాయిలా గట్టిపడినా, నొప్పి వచ్చి పోతున్నా, ఉమ్మనీరు పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే 108కి ఫోను చేసి డాక్టరు ఉండే పెద్దాసుపత్రికే పోవాలి. ఇవేవీ లేకపోయినా, కడుపుకి దెబ్బ తగిలిందంటే ఒకసారి చూపించుకుని రావడమే మంచిది. తల్లి రక్తం నెగిటివ్ గ్రూపు అయితే కడుపుకి దెబ్బ తగిలాక 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వేయాల్సి రావచ్చు. "జారిపడ్డాను" అని కూడా చెప్పకుండా ఇంట్లోనే ఉండిపోతే ఆ ఇంజెక్షన్ ఎవరు వేస్తారు? ఆ నష్టం తర్వాత వచ్చే కాన్పుకి కూడా చుట్టుకుంటుంది.

దెబ్బలు కడుపు మీద పడకపోయినా బిడ్డ మీద ప్రభావం ఉంటుంది. భయంతో నిద్ర లేక, సరిగా తినక, బరువు పెరగక, పరీక్షలకి పోనివ్వక నెలలు నిండకుండానే కాన్పు కావడం, తక్కువ బరువు బిడ్డ పుట్టడం ఇలాంటి తల్లుల్లో ఎక్కువ. మనం అంగన్‌వాడీలో గుడ్లు, పాలు లెక్కపెట్టి ఇప్పిస్తున్నాం. ఆ గుడ్డు ఇంటికి పోయాక ఎవరి కంచంలో పడుతుందో ఎవరూ అడగడం లేదు.

ఇంత జరుగుతున్నా ఒక సంగతి మాత్రం మనకి అనుకూలంగా ఉంది. ఎంత కట్టడి చేసే ఇంట్లో అయినా కడుపుతో ఉన్న కోడల్ని ఆసుపత్రికి పంపుతారు. సంఘం మీటింగుకి పంపనివాళ్లు, అమ్మగారింటికి పంపనివాళ్లు కూడా ఏఎన్‌ఎం వచ్చి పిలిస్తే పంపక తప్పదు. కనీసం నాలుగు సార్లు పరీక్ష చేయించాలి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన డాక్టరు గారే స్వయంగా గర్భిణుల్ని చూసే కార్యక్రమం నడుస్తోంది. ఆ అమ్మాయి ఇల్లు దాటి, చదువుకున్న మనిషి ముందు కూర్చునే సందర్భం అదొక్కటే. అక్కడ ఎవరూ అడగకపోతే ఇంకెక్కడా అడిగేవాళ్లు లేరు.

మరి అక్కడ ఏం జరుగుతోంది? ఒక అమ్మాయి సంగతి చెప్తాం. ఐదో నెల. పోయిన నెల కంటే బరువు తగ్గింది. వెంట అత్తగారు. నర్సమ్మ ఏది అడిగినా అత్తగారే జవాబు చెప్పింది. "తింటానే ఉంది, ఒంటికి పట్టట్లేదమ్మా" అంది. పరీక్షకి వచ్చినవాళ్లు బయట బారులు తీరి ఉన్నారు, నర్సమ్మకి చూడటానికి తీరిక లేదు. "ఏమ్మా, నీకు బిడ్డ మీద ప్రేమ లేదా, తినవేంటి, మాత్రలు మింగవేంటి" అని అమ్మాయిని గట్టిగా కేకలేసింది. నర్సమ్మ తిట్టింది మంచికే. కానీ ఆ ఇంట్లో ఆ అమ్మాయికి అందరూ తిన్నాక మిగిలితేనే అన్నం. ఆ రోజు నుంచి అత్తగారికి కొత్త ఆయుధం దొరికింది. "చూశావా, ఆసుపత్రిలో కూడా నీదే తప్పన్నారు" అని మొగుడికి ఎక్కించి మళ్లీ కొట్టించింది. ఈ సంగతి మాకు తెలిసేసరికి ఎనిమిదో నెల వచ్చింది.

ఇది చెప్పింది నర్సమ్మలని నిందించడానికి కాదు. వాళ్ల పని ఎంతో మాకు తెలుసు. ఆశా అక్కల పరిస్థితి ఇంకా ఇబ్బంది. ఆశా అదే వీధిలో ఉండాలి, అదే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవాలి. మా ఇంటి గుట్టు బయటపెట్టావని తాగొచ్చి గుమ్మం ముందు నిలబడితే ఆమెకి దిక్కెవరు? ఆమె కూడా మన సంఘం సభ్యురాలేనని మర్చిపోవద్దు.

ఇంకో అమ్మాయి సంగతి. ఇది వేరే ఆసుపత్రి. మొగుడు పక్కన కూర్చుని కదలడం లేదు. స్టాఫ్ నర్సు ఏం చేసిందంటే, మూత్రం శాంపిల్ అతని చేతికిచ్చి "నాయనా, ఇది ల్యాబులో ఇచ్చి చీటీ పట్టుకురా, అక్కడ లైనుంటుంది" అని పంపింది. తలుపు దగ్గరికి వేసి, బీపీ పట్టీ కడుతూ, "ఇక్కడికి వచ్చే అందర్నీ అడుగుతానమ్మా, నిన్నొక్కదాన్నే కాదు. ఇంట్లో ఎలా ఉంది? ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా?" అని అడిగింది. ఆ పిల్ల ఏడ్చింది. "ఎవరికీ చెప్పొద్దు మేడం, చెప్తే చంపేస్తాడు" అని మాత్రం అంది. నర్సు సరే చెప్పనని మాటిచ్చింది. ఎందుకు భరిస్తున్నావని అడగలేదు, ఇలాంటివి ఇళ్లల్లో మామూలే అని కూడా అనలేదు. "నిన్ను కొట్టడం నీ తప్పు కాదు" అంది. మొగుడు తిరిగొచ్చాక అతని ముందే, "బీపీ కొంచెం తేడాగా ఉంది, నెలకి కాదు, పది రోజులకొకసారి తీసుకురావాలి" అని చెప్పింది.

ఈ ఉపాయం చూడండి. నెలకోసారి దొరికే ఐదు నిమిషాలు మూడుసార్లు అయ్యాయి. మూడోసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయే నోరు తెరిచింది. వాళ్లమ్మ నెంబరు ఇచ్చింది. వాళ్లమ్మ మన సమాఖ్య సభ్యురాలు కాబట్టి మా దాకా వచ్చింది. ఏడో నెల దాకా ఆగకుండా, "డాక్టరమ్మ విశ్రాంతి కావాలంది" అని ఆరో నెలలోనే పుట్టింటికి తెచ్చుకున్నారు. కాన్పు బాగానే అయింది, తల్లీ బిడ్డా క్షేమం. ఇప్పుడు మొగుడు వచ్చి పంపమంటున్నాడు. పంపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఆ అమ్మాయి పోతానని ఒక రోజు, పోనని ఒక రోజు అంటోంది. తొందరపెట్టొద్దని వాళ్లమ్మకి చెప్పాం.

పుట్టింటి మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఒక మెలిక చెప్పాలి. మొదటి కాన్పు పుట్టింట్లో చేయడం మన ఆచారం. అందువల్ల మొదటి ఆరు నెలలు ఒక ఊరి ఏఎన్‌ఎం, తర్వాత మూడు నెలలు ఇంకో ఊరి ఏఎన్‌ఎం చూస్తారు. బిడ్డకి మూడో నెలో ఐదో నెలో పెట్టాక మళ్లీ అత్తగారింటికి. కొట్టే ఇంట్లో ఉన్న నెలల్లో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశం ఉన్న పుట్టింట్లో ఉన్నప్పుడు గాయాలు మానిపోయి ఉంటాయి. బిడ్డతో తిరిగి పోయాక బిడ్డ టీకాలు అడుగుతారు గానీ తల్లిని ఎవరూ అడగరు. అందుకని టీకాల రోజున కూడా తల్లిని ఒక్క మాట అడగాలని ఏఎన్‌ఎం అక్కల్ని కోరుతున్నాం.

అందర్నీ అడగాలా, అనుమానం వచ్చినవాళ్లనే అడగాలా అని మా కమిటీలో కూడా వాదన జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆసుపత్రికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడగమని చెప్పలేదు. గుర్తులు కనపడినప్పుడు అడగమంది. గర్భిణుల పరీక్షల్లో మాత్రం అడగడానికి తగిన కారణం ఉందంది, అది కూడా చాటు గది ఉండి, అడిగేవాళ్లకి శిక్షణ ఉండి, తర్వాత ఎక్కడికి పంపాలో తెలిసి ఉంటేనే. మా అభిప్రాయం ఏంటంటే, మన ఊళ్లలో గర్భిణులందర్నీ అడగాలి. ఒక్కదాన్నే లోపల కూర్చోబెడితే బయట బెంచీ మీద ఉన్న అత్తగారికి ఇట్టే తెలిసిపోతుంది. బరువు, బీపీ చూసే గదిలోకి గర్భిణి తప్ప ఇంకెవరూ రాకూడదని అందరికీ ఒకే రూలు పెడితే ఎవరికీ అనుమానం రాదు. కానీ తలుపు లేని చోట, పది మంది వింటున్న చోట మాత్రం అసలు అడగొద్దు. అలాంటి చోట అడిగితే ఆ పిల్లకి ఇంట్లో ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి.

ఇది జరిగే పని కాదు అనేవాళ్లకి ఒక మాట. ముంబయి బాంద్రాలో భాభా ఆసుపత్రి అని మున్సిపాలిటీ ఆసుపత్రి ఉంది. అక్కడ 2000-01లో మున్సిపల్ కార్పొరేషను, సెహత్ అనే సంస్థ కలిసి దిలాసా అనే కేంద్రం పెట్టాయి. ఆసుపత్రిలో పనిచేసే నర్సులకి, డాక్టర్లకే శిక్షణ ఇచ్చి, హింస పడిన ఆడవాళ్లని గుర్తుపట్టి అదే ఆసుపత్రిలో ఉన్న కౌన్సిలర్ దగ్గరికి పంపేట్టు చేశారు. తర్వాత ముంబయిలో ఇంకొన్ని మున్సిపల్ ఆసుపత్రులకీ దాన్ని పెంచారు. కేరళలో భూమిక పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటివే ఉన్నాయి.

ఇక రాసే సంగతి. ఇది చిన్నదిగా కనపడుతుంది గానీ మా లెక్కలో అన్నిటికంటే పెద్దది. ఒక అమ్మాయికి ఎనిమిదో నెలలో బిడ్డ పోయింది. మొగుడు తోస్తే గడప మీద పడింది. ఆసుపత్రికి తీసుకొచ్చింది మొగుడూ అత్తా. "బాత్రూంలో జారిపడింది" అని వాళ్లు చెప్పారు, కేసు షీటులో అదే రాశారు. ఆ పిల్లని వేరుగా అడిగినవాళ్లు లేరు. నెల తర్వాత తల్లిదండ్రులు కదిలి ఫిర్యాదు చేయబోతే ఆ కాగితమే ఎదురొచ్చింది. ఆసుపత్రి రాసిన ఒక్క లైను ముందు ఆ పిల్ల మాటకి, ఆ తల్లి మాటకి విలువ లేకుండా పోయింది. అందుకని డాక్టరు గారిని కోరేది ఏంటంటే, వెంట వచ్చినవాళ్లు చెప్పింది కాకుండా, దెబ్బ తగిలిన మనిషిని వేరుగా అడిగి, ఆమె ఏం చెప్తే అది ఆమె మాటగానే రాయాలి. ఎక్కడ, ఎంత గాయం, కొత్తదా పాతదా రాయాలి. ఆమె ఇప్పుడు కేసు వద్దన్నా సరే, ఆ రాత ఉంటే రేపు పనికొస్తుంది.

రాయమన్నాం కదా అని తల్లీబిడ్డ కార్డు మీద రాయొద్దు. ఆ కార్డు ఇంటికి పోతుంది, మొగుడు చదువుతాడు. ఆసుపత్రిలో ఉండే రికార్డులోనే రాయాలి, అది కూడా అందరి చేతుల్లో తిరిగే రిజిస్టరు కాకూడదు.

చట్టం ఏం చెప్తుందో కొంచెం చెప్తాం. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడం ఒక్కటే కాదు, తిట్టడం, బలవంతం చేయడం, డబ్బుకి కట్టడి చేయడం కూడా ఆ చట్టంలో హింసే. ఆ చట్టం 7వ సెక్షన్ ప్రకారం బాధితురాలు అడిగితే ఆసుపత్రి వైద్యం చేసి తీరాలి. 2006 నియమాల్లో 17వ నియమం ఇంకా స్పష్టంగా చెప్తుంది. ముందుగా గృహహింస నివేదిక ఇవ్వలేదని వైద్యం నిరాకరించకూడదు. నివేదిక లేకపోతే ఆసుపత్రి బాధ్యులే ఒకటో నంబరు ఫారం నింపి ప్రొటెక్షన్ ఆఫీసరుకి పంపాలి. వైద్య పరీక్ష రిపోర్టు కాపీ ఆమెకి ఉచితంగా ఇవ్వాలి. ఈ ఫారం సంగతి మన మండలంలో ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగం, ఇబ్బంది పెట్టడం మా ఉద్దేశం కాదు.

17వ సెక్షన్ ప్రకారం ఇల్లు మొగుడి పేరున ఉన్నా, మామ పేరున ఉన్నా ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంది, బయటికి గెంటడానికి లేదు. హింస జరుగుతోందని ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని 4వ సెక్షన్లో ఉంది. ఆశా అక్కలు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పాత 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, దానికి 15100కి ఫోను చేయాలి. మహిళల హెల్ప్‌లైన్ 181. ప్రమాదం మీదకొస్తే 112. సఖి వన్ స్టాప్ సెంటర్లో వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సిలింగు ఒకేచోట చూస్తారు, ఐదు రోజుల దాకా ఉండటానికి చోటిస్తారు. ఈ నెంబర్లు కాగితం మీద రాసివ్వొద్దు. 181 మూడంకెలే, నోటికి చెప్పించండి.

ఇంతసేపూ ఆసుపత్రి గురించి చెప్పాం. ఇప్పుడు మన వైపు చూద్దాం. ఆ అత్తగార్లు ఎవరు? వేరే లోకం నుంచి రాలేదు. ఇక్కడ ఈ షామియానా కింద ఉన్నవాళ్లలో సగం మందిమి అత్తలం, మిగతా సగం మంది కోడళ్లు. ఒకే సంఘంలో అత్తా కోడలూ ఇద్దరూ ఉన్న చోట్లు ఉన్నాయి. అత్త లీడరు అయితే కోడలు మీటింగులో నోరు తెరుస్తుందా? అలాంటి కోడలు చెప్పుకోవడానికి ఆ సంఘం కాకుండా, గ్రామ సంఘంలో కాకుండా, నేరుగా మండల కమిటీకి రావొచ్చని ఈ సభ ముందు చెప్తున్నాం.

కిస్తీ సంగతి ఒకటుంది. అప్పు ఆడమనిషి పేరున, డబ్బు మగమనిషి చేతిలో. కడుపుతో ఉండి కూలికి పోలేక కిస్తీ ఆగితే సంఘం వాళ్లు ఇంటికి పోయి అడుగుతారు. సంఘం అటు పోగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది. బ్యాంకు కిస్తీ మనం ఆపలేం. కానీ సంఘం లోపల ఇచ్చుకున్న అప్పుకి ఏడో నెల నుంచి బిడ్డకి మూడో నెల దాకా గడువు ఇవ్వడం మన చేతిలో పని. దీనికి తీర్మానం పెడుతున్నాం. ఏపీఎం గారు కూడా ఒప్పుకోవాలి, మొహం చూస్తుంటే ఒప్పుకునేట్టే ఉన్నారు.

పంచాయితీల గురించి కూడా. గొడవ తెలియగానే మొగుణ్ణి పిలిచి నలుగురిలో నిలదీసి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇద్దర్నీ ఒకే ఆటోలో ఎక్కించి పంపే పద్ధతి చాలా ఊర్లలో ఉంది. నలుగురిలో పరువు పోయిందన్న కోపం ఆ రాత్రి ఎవరి మీద తీరుతుంది? కడుపుతో ఉన్న మనిషి విషయంలో ఇది ప్రాణం మీదకి తెచ్చే పని. ముందు ఆమెని "నువ్వు ఏం చేయమంటావమ్మా" అని అడగాలి. ఏమీ చేయొద్దంటే, రక్తం పోతున్నా, ప్రాణానికి ముప్పున్నా తప్ప మనం కాలు కదపకూడదు. ఆ లోపల ఆధార్ కార్డు జిరాక్సు, ఆసుపత్రి కాగితాల జిరాక్సు, రెండు జతల బట్టలు నమ్మకమైన పక్కింట్లో పెట్టించుకోమని చెప్పొచ్చు. రాత్రిపూట అవసరమొస్తే ఏ తలుపు తట్టాలో ముందే మాట్లాడి ఉంచొచ్చు. ఆటో కిరాయికి, మొదటి రెండు రోజుల ఖర్చుకి గ్రామ సంఘం ఆరోగ్య నిధి నుంచి, పేరు బయటికి రాకుండా ఇచ్చేట్టు ఇంకో తీర్మానం పెడుతున్నాం.

ఆశా అక్కకి ఎవరైనా గుమ్మం ముందుకొచ్చి బెదిరిస్తే, ఆ గంటలోనే గ్రామ సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు ఆమె ఇంటికి పోయి కూర్చోవాలి. గొడవ పెట్టుకోవడానికి కాదు, ఊరికే కూర్చోవడానికి. సారా ఉద్యమం చేసిన నెల్లూరు జిల్లా పక్కనే ఉన్నాం మనం. పది మంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటే ఏమవుతుందో మన పెద్దమ్మలకి చెప్పక్కర్లేదు.

చివరిగా డాక్టరు గారికి మా విన్నపం ఒకటుంది. మన ఆసుపత్రిలో గర్భిణులకి బీపీ చూసే గదికి తలుపు ఉంది గానీ గడియ లేదు, కిటికీకి తెర లేదు. సగం గదిని పాత రిజిస్టర్ల బీరువా ఆక్రమించింది. గడియ, తెర ఖర్చు మండల సమాఖ్య పెట్టుకుంటుంది. వెంట వచ్చినవాళ్లు బయట కూర్చోవడానికి రెండు బెంచీలు కూడా ఇస్తాం. ఆ బీరువా ఎక్కడికి జరపాలో మీరు చెప్తే, వచ్చే 9వ తేదీ లోపు మనుషుల్ని మేమే పంపుతాం. దీనికి మీరు ఏమంటారో అందరూ వినాలని ఉంది, మైకు మీకిస్తున్నాం.